దారుశిల్పి నాకాషిమా - మన యూరి వడ్రంగి కొట్టము

మేడ్చల్ రైలుస్టేషను మొదలు శామీర్‌పేట చెఱువుకట్ట వఱకు గల పల్లెలలో ఒకప్పుడు వడ్రంగి కొట్టము లేని యూరు అరుదు. వేపచెట్టు నీడ, దాని క్రింద తాటియాకుల పందిరి, పందిరిలో సగము తొలిచిన బండికుండ, కాళ్లకు మెత్తగా తగులు చిత్రిక పొట్టు, ఆ పొట్టులో ఆడుకొను పిల్లలు - ఇదియే ఆ కొట్టము. తొలకరికి ముందు రైతులు నాగళ్లు, గుంటకలు, గొర్రులు తెచ్చి అచ్చట వరుసగా కూర్చుండెడివారు. పెండ్లి కుదిరిన యింటివారు మంచపు కోళ్లకును పీటలకును చెప్పి పోయెడివారు. బిడ్డ పుట్టిన యింటికి ఊయల ఆ కొట్టమునుండియే పోయెడిది. మా సంఘములో ఎవరైన ప్రభువునందు నిద్రించినప్పుడు పెట్టె చేయుటకును ఆ చేతులే రాత్రి దీపము పెట్టుకొని పని చేసెడివి. రొక్కము చేతికి వచ్చుట తక్కువ. పంట నూర్చినప్పుడు కళ్లము కడ కొలిచి యిచ్చు ధాన్యమే కూలి. దానిని మేర యనుచుండిరి.

ట్రాక్టరు వచ్చెను, నాగలి మూలబడెను. ఇనుప మంచములును, పిదప అచ్చుపోసిన ప్లాస్టిక్ కుర్చీలును వచ్చెను. శామీర్‌పేటకు పై వైపున తుర్కపల్లి ప్రాంతమున ఔషధ పరిశోధన సంస్థలు వెలసెను. 2016 అక్టోబరులో జిల్లాలను పునర్విభజించినప్పుడు మేడ్చల్ పేరున ఒక జిల్లాయే యేర్పడెను. పొలములు ప్లాట్లయ్యెను. వడ్రంగుల కుమారులు పలువురు నగరమందలి అంతస్తుల యిండ్లలో ప్లైవుడ్ పలకలు కోసి అతుకుపెట్టు పనికి పోవుచున్నారు. అదియు గౌరవమైన పనియే. కాని ఆ పనిలో చెట్టును చూచి కొయ్యను ఎన్నుకొను అవసరము లేదు. పలకలన్నియు ఒక్క తీరుననే యుండును.

నేనీ వ్యాసము వ్రాయుటకు కారణము నా తప్పు. కొన్ని యేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతిలో లెక్కలు చేయకుండ వచ్చిన యొక బాలుని చూచి, "చదువకున్న రేపు ఉలి, బాడిస పట్టుకొని బ్రతుకవలసినదే" యంటిని. తరగతి నవ్వెను. మూడవ బల్లమీది వేఱొక బాలుడు మాత్రము తల వంచుకొనెను. వాని తండ్రి వడ్రంగి యని నాకు తెలియును. ఆ క్షణమున మఱచితిని. నజరేతులో వడ్రంగి యింట పెరిగిన ప్రభువును ప్రతి యుదయము ప్రార్థనలో పేర్కొను నోటనే ఆ మాట వచ్చెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నాకు నేర్పిన బోధనా సూత్రములలో ఒక్కటియు ఆ దినమున అక్కఱకు రాలేదు.

ఆ వారము మా యింటి పాత కుర్చీ కాలు ఊడినది. దానిని సైకిలు వెనుక కట్టుకొని ఆ బాలుని తండ్రి కొట్టమునకు పోతిని. కుర్చీ మిషయే గాని, నిజమునకు క్షమాపణ చెప్పుకొనుటకే పోతిని. ఆయన ఆ మాట యెత్తనియ్యలేదు. కుర్చీని తలక్రిందులు చేసి చూచి, "గిది మేకులు గొట్టి చెడగొట్టిన్రు సారూ, కుర్చీ తప్పు గాదు" అనెను. తరువాత రెండు గంటలు నేను విద్యార్థిని, ఆయన గురువు. ఆ బాలుడు కొయ్య కొన పట్టుకొని నిలిచెను.

ఆయన చెప్పిన దానిలో నాకు తెలిసినంత మీకు చెప్పెదను. ప్రతి కొయ్యకును ఒక స్వభావము కలదు. నల్లతుమ్మ గట్టిది, దెబ్బకు ఓర్చును; అందుచేత బండిచక్రపు ఆకులకు, నాగలికి అది తగినది. వేపకు చేదు గనుక పురుగు త్వరగా పట్టదు. చింత చేవ నల్లగా, ఉలికి లొంగనంత గట్టిగా నుండును. మామిడి చవుక, కాని తడి తగిలిన నిలువదు. టేకులో నూనె గలదు. వానకును ఎండకును అంతగా చలింపదు గనుక ద్వారబంధములకు దానికి మించినది లేదు. పొనికి దూదివలె తేలిక. నిర్మల్ బొమ్మలును కొండపల్లి బొమ్మలును ఆ కొయ్యతోనే చేయుదురు. విశాఖ వైపున ఏటికొప్పాకవారు లక్క బొమ్మలకు అంకుడు కొయ్య వాడుదురు. ఆ పొనికితో కుర్చీ చేసిన కూర్చున్నవాడు నేలపై నుండును.

ఇక పచ్చి మ్రాను ఎండుట. ఇది విద్యార్థులు శ్రద్ధగా వినదగిన విషయము. చెట్టు కొట్టిన దినమున దాని లోపల విస్తారముగా నీరుండును. ఆ నీరు పోవుకొలది కొయ్య ముడుచుకొనును. కాని అన్ని దిక్కుల సమముగా ముడుచుకొనదు. పొడవున దాదాపు ఏమియు తగ్గదు. నడిమి చేవనుండి బెరడు వైపునకు కొంత తగ్గును. వలయముల వెంబడి, అనగా చుట్టుకొలత దిక్కున, దానికి సుమారు రెండింతలు తగ్గును. స్థూలముగా చెప్పిన, పూర్తిగా పచ్చి కొయ్య పూర్తిగా ఎండు నప్పటికి ఒక దిక్కున నూటికి నాలుగు పాళ్లు, రెండవ దిక్కున ఎనిమిది పాళ్లు. టేకు రెండు దిక్కులను ఇంతకంటె తక్కువ ముడుచుకొనును. దాని ఖరీదునకు అదియు నొక కారణము. ఈ హెచ్చుతగ్గుల వలననే గుండ్రని దుంగ ఎండినప్పుడు అంచునుండి నడిమికి నెఱియ విచ్చును, వెడల్పు పలక దొన్నెవలె వంగును. వడ్రంగి మొరటు చేతివాడైనందున తలుపు వంగినదని మనము తిట్టుదుము. తొందరపెట్టి పచ్చి కొయ్యతో చేయించుకొన్నది మనమే.

కావున పూర్వులు దుంగలను చెఱువు నీట నానవేసి లోని పసరు పోనిచ్చి, పిదప నీడను ఆఱబెట్టుచుండిరి. గాలికి ఆఱుటకు అంగుళము మందమునకు ఏడాది యని పాత లెక్క. మూడంగుళముల పలక కావలెనన్న మూడేండ్లు కాచుకొనవలెను. ఇంకొక తెలివి గలదు. ముక్కాలిపీటకు కాళ్లు దిగగొట్టునప్పుడు కాలి కొనను బాగుగా ఎండిన కొయ్యతోను, బెజ్జము గల పలకను కొంచెము పచ్చిదనముండు కొయ్యతోను చేయుదురు. పలక ఎండుకొలది బెజ్జము బిగిసి కాలిని పట్టుకొనును. జిగురు లేదు, మేకు లేదు. కొయ్య తానే తన పని చేసికొనును. మా కుర్చీ ఊడుటకు కారణము ఇందుకు విరుద్ధము: ఎవరో కీలు వదులైనచోట మేకులు కొట్టిరి, మేకు తుప్పుపట్టి చుట్టు నున్న కొయ్యను తినివేసెను.

ఇంటికి వచ్చిన తరువాత చేతిపని కొయ్యసామానును గూర్చి పుస్తకములు వెదకితిని. ఆ వెదకుటలో ఒక మనుష్యుని చరిత్ర కంటబడినది. ఆయన మనవాడు కాడు. అయినను ఆయన కథలో మన గోలకొండ పేరు కలదు.

జార్జి నాకాషిమా 1905 మే 24న అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రమందలి స్పొకేన్ పట్టణమున పుట్టెను. తలిదండ్రులు జపాను దేశస్థులు. బాల్యమున ఆ ప్రాంతపు పర్వతారణ్యములలో తిరిగి చెట్లను ప్రేమించుట నేర్చెను. విశ్వవిద్యాలయమున మొదట అడవుల శాస్త్రము చదివి, పిదప భవన నిర్మాణ శాస్త్రమునకు మారి, 1930లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఉన్నత పట్టము పొందెను. అంతటి చదువు చదివినవాడు గదా, పెద్ద కచేరిలో కూర్చుండి పటములు గీయవలసినవాడు. ఆయన యట్లు చేయలేదు. ప్రపంచము చుట్టి వచ్చుటకు బయలుదేరి, పారిస్‌లో కొంతకాలముండి, జపాను చేరి, టోకియోలో ఆంటొనిన్ రేమండ్ అను శిల్పి కార్యాలయమున పనిలో చేరెను.

ఆ రేమండ్ గారికి పుదుచ్చేరిలో అరవిందాశ్రమమువారు ఒక వసతి గృహము నిర్మింప అప్పగించిరి. పని దగ్గఱనుండి చూచుటకు నాకాషిమా అచ్చటికి వచ్చెను. ఆ కట్టడమునకు ధనము హైదరాబాదు నైజాము ప్రభుత్వము నుండి, దివాను సర్ అక్బర్ హైదరీ గారి ద్వారా వచ్చినది. ఆ కృతజ్ఞతచేత దానికి గోల్కొండ్ అని పేరు పెట్టిరి. మన గోలకొండను ఫ్రెంచివారు పలుకు తీరు అది. మన వజ్రముల కోట పేరు సముద్రతీరమున ఒక కాంక్రీటు భవనమునకు వచ్చుట ఇట్లు జరిగినది. 1937లో పని సాగి, యుద్ధకాలమంతయు నెమ్మదిగా నడచెను. భారతదేశమున కట్టిన తొలి ఆధునిక కాంక్రీటు భవనములలో దానిని నేటికిని గొప్పదిగా నెంచుదురు. దాని వెలుపలి గోడలు గోడలు గావు. తిప్పుటకు వీలైన అడ్డుపలకల వరుసలు. లోపల గదులకు టేకు జారుడు తలుపులు. వాని సందులగుండ గాలి వచ్చును, చూపు రాదు. మన యెండకు ఇంతకంటె తగిన యుపాయము వేఱొకటి యుండునా? గదులలోని మంచములు, బల్లలు, కుర్చీలు టేకుతో నాకాషిమా రూపొందించినవి. ఆయన కొయ్యసామాను చేయుటకు మొదలిడినది అక్కడనే యని చెప్పవచ్చును. కొంతకాలమునకు జీతము వలదని ఆశ్రమవాసులలో ఒకడయ్యెను. అరవిందులు ఆయనకు సుందరానంద అని పేరిడిరి.

యుద్ధము ముంచుకొని వచ్చుటచే 1939లో పుదుచ్చేరి విడిచి, 1940లో అమెరికా చేరెను. సియాటిల్ నగరమున మేరినోల్ కథోలిక మిషను వారి బాలుర సంఘపు గదిలో చిన్న కర్మశాల పెట్టుకొని, ఆ గదికి ప్రతిగా అచ్చటి బాలురకు కొయ్యపని నేర్పుచుండెను. మిషను పాఠశాలలో పనిచేయు నాకు ఈ సంగతి సంతోషము కలిగించినదని దాచనేల? 1941లో వివాహమాడెను. మఱుసటి సంవత్సరము కుమార్తె పుట్టెను.

అప్పుడే ఆపద వచ్చెను. 1941 డిసెంబరులో జపాను వారు పెరల్ హార్బరుపై దాడి చేయగా, 1942 ఫిబ్రవరి 19న అమెరికా అధ్యక్షుడు జారీచేసిన ఉత్తరువు ననుసరించి పడమటి తీరమందలి జపాను వంశీయులను సుమారు 1,20,000 మందిని ఇండ్లనుండి లేవదీసి నిర్బంధ శిబిరములకు పంపిరి. వారిలో మూడింట రెండు వంతులు అమెరికాలో పుట్టిన పౌరులే. నేరమేమి? ముఖకవళిక. నాకాషిమాయు, భార్యయు, పసిబిడ్డయు ఐడహో ఎడారిలోని మినిడోకా శిబిరము చేరిరి. (ఆ ప్రభుత్వమే 1988లో చట్టపూర్వకముగా క్షమాపణ చెప్పెను. అప్పటికి నలువదియాఱు సంవత్సరములు గడచినవి.)

ఆ శిబిరమున గెంటారో హికోగావా అను వడ్రంగి యుండెను. జపానులో ప్రాచీన సంప్రదాయమున పని నేర్చినవాడు. అతనికి పట్టములు లేవు. ఇద్దఱిని కలిపి శిబిరపు గదులను నివాసయోగ్యముగా చేయుటకు నియమించిరి. పట్టభద్రుడైన నాకాషిమా ఆ వడ్రంగి చెంత శిష్యుడై, ఉలి నూఱుట, చిత్రిక పట్టుట, కీళ్లు కూర్చుట మొదటినుండి నేర్చుకొనెను. జపాను చిత్రికను ముందుకు త్రోయక తమవైపునకు లాగుదురు, చేతివాటమంతయు మార్చుకొనవలెను. పనికి కొయ్య యేది? కట్టడములలో మిగిలిన తుండ్లు, ఎడారిలో మొలచిన పొదల వంకర కాండములు. నున్నని పలక దొరకనిచోట వంకరను వంకరగానే వాడుట ఆయనకు అలవాటయ్యెను. పిమ్మట ప్రపంచము మెచ్చిన ఆయన పద్ధతికి బీజము ఆ పొదలలో నున్నదని నా యభిప్రాయము. పుస్తకములు గోల్కొండ్‌ను గూర్చి ఎక్కువ వ్రాయును. నేను మినిడోకాకే పెద్దపీట వేయుదును.

పాత యజమాని రేమండ్ పూచీపడగా 1943లో విడుదలయై, పెన్సిల్వేనియా రాష్ట్రమందలి న్యూహోప్ గ్రామమున ఆయన పొలమునకు వచ్చెను. మొదట చేసిన పని కోళ్లను పెంచుట. తరువాత సమీపముననే కొంత భూమిని సంపాదించెను. దానికి వెలగా ఇచ్చినది రొక్కము గాదు, తన వడ్రంగపు చాకిరి. తన యిల్లును కర్మశాలను తన చేతులతో కట్టుకొని, 1990 జూన్ 15న మరణించు వఱకు అక్కడనే పని చేసెను. ఆ కర్మశాలను కుమార్తె మీరా నాకాషిమా నడపెను. శిబిరములో పెరిగిన పసిబిడ్డ ఆమెయే.

ఆయన పనిలోని విశేషమేమి? రంపపు మిల్లులో పెద్ద మ్రాకును కోయునప్పుడు స్వయముగా నిలిచి, ఏ వైపున కోసిన లోని చారలు బయలుపడునో నిర్ణయించెడివాడు. కోసిన పలకలను సంవత్సరముల తరబడి ఆఱనిచ్చెడివాడు. పలక అంచులను తిన్నగా కోయక, చెట్టున్న తీరుననే వంకరగా విడిచెడివాడు. లోకమందలి వడ్రంగులు ముడిగల పలకను, నెఱియ విచ్చిన పలకను ప్రక్కకు నెట్టుదురు. ఆయన ముందుగా దానినే ఏరెను. నెఱియ ఇంకను పెద్దది కాకుండ దానికి అడ్డముగా సీతాకోకచిలుక రెక్కల ఆకారపు కొయ్యబిళ్లను చెక్కి దిగవేసెను. ఆ బిళ్ల రెండు కొనలు వెడల్పు, నడుము సన్నము. పలక విచ్చుకొన జూచిన రెక్కలు పట్టుకొని యాపును. పగులును మైనముతో కప్పి దాచలేదు. అందఱు చూచునట్లు పట్టి నిలిపెను. 1964లో అహమ్మదాబాదులోని జాతీయ రూపకల్పన సంస్థకు వచ్చి మన దేశపు కొయ్యలతో కుర్చీలు, బల్లలు రూపొందించెను. న్యూ మెక్సికో ఎడారిలో క్రీస్తు సన్న్యాసులు నివసించు మఠమునకు దేవాలయము ఆయన యూహయే. అమెరికాలో మిక్కిలి ధనికులైన రాక్‌ఫెల్లర్ కుటుంబమువారి యింటికి 1973లో రెండువందలకు పైగా వస్తువులు చేసి యిచ్చినదియు ఆయనయే. ఒకప్పుడు శత్రువని కంచెలో నుంచిన వాని బల్లలపై దేశపు పెద్దలు భోజనము చేసిరి. ఒక పెద్ద వాల్‌నట్ మ్రానునుండి శాంతి పీఠములు చేయదలచి, మొదటిదానిని 1986లో న్యూయార్కు నగరపు సెయింట్ జాన్ ప్రధాన దేవాలయమున నుంచెను. పుదుచ్చేరి యొద్ద ఆరోవిల్‌లో ఒకటి ఆయన గతించిన తరువాత 1996లో చేరినది.

నేడు హైదరాబాదు దుకాణములలో ఇట్టి వంకర అంచుల బల్లలు అధిక ధరకు అమ్ముచున్నారు. కొన్నింట నెఱియలలో నీలిరంగు రసాయనపు జిగురు పోయుదురు. కొనువారు ఒకటి చూడవలెను: పలక ఎన్నాళ్లు ఎండినది? ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేనివాని యొద్ద కొనకుడు. బెరడు తియ్యక విడిచిన దాని లోపల పురుగు చేరును. వంకరను విడువవలెను గాని బెరడును విడువరాదు. ఇంకొక మాట. బాగుగా ఎండని కొయ్యతో చేసిన మొరటు సామాను మొరటుదే, శిల్పము గాదు. రంగు, ధర దానిని మార్చవు.

మా పాఠశాలకు కొంతకాలము క్రిందట పొట్టును జిగురుతో అదిమి చేసిన బల్లలు కొన్ని వచ్చినవి. ఒక వానకాలము కిటికీ ప్రక్కన నున్నవి ఉబ్బి పొరలు లేచెను, మరచీలలు నిలువలేదు. అదే సమయమున మా దారిలోని పాత చింతచెట్టు గాలివానకు కూలెను. నిలిచియున్న చెట్టును కొట్టవలెనన్న 2002 నాటి జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము క్రింద అనుమతి కావలెను. కూలినదైనను అడిగియే తీసికొంటిమి. దుంగను మిల్లులో పలకలు కోయించి, గది వెనుక నీడలో మధ్య పుడకలు పెట్టి పేర్చితిమి. రెండంగుళముల పలకలు, రెండేండ్లు. ఆ రెండేండ్లలో పిల్లలు నన్ను "సారూ, బల్ల యెప్పుడు?" అని అడుగుచునే యుండిరి. బరువు తగ్గుట తెలియుటకు ఒక తుండును నెలనెల తూచి పట్టిక వ్రాయించితిని. పదవ తరగతివారు దానితో రేఖాచిత్రము గీచిరి. మొదటి నెలలలో గీత నిటారుగా దిగి, పిమ్మట చదునయ్యెను. లెక్కలలో వెనుకబడిన ఆ మొదటి బాలుడే ఆ గీతను అందఱికంటె నీటుగా గీచెను.

కొట్టములోని ఆ వడ్రంగియే బల్ల చేసెను. కుమారుడు సెలవు దినములలో తోడు వచ్చి కీళ్లకు గుర్తులు పెట్టెను. మూలమట్టము పట్టుటలో వాడు తప్పలేదు. పలక నడుమ ఒక నెఱియ యుండెను. నేను నాకాషిమా బల్ల పటము చూపి, ఇట్టి బిళ్ల వేయవచ్చునా యని అడిగితిని. ఆయన పటమును చేతికి తీసికొని వెలుతురులో త్రిప్పి త్రిప్పి చూచెను. "గిది కొత్తది గాదు సారూ. చెక్క పగిలితె మా తాత గూడ గిట్లనే ఏస్తుండె. మనం పుట్టీ పెట్టుడు నేర్చినంక మరిసిపోయినం" అని, టేకు తుండొకటి ఏరి ఉలి నూఱుకొనుటకు కూర్చుండెను. ఆ సాయంకాలము బిళ్లలు రెండు దిగెను. ఒకటి తండ్రి వేసినది, రెండవది కుమారుడు వేసినది. ఏది యెవరిదో నేను చెప్పను. చూచినవారు ఇంతవఱకు పోల్చలేదు.

ఆనాడు బడి గంట కొట్టిన పిమ్మట, తరగతిలో నేనన్న మాటకు ఆ బాలుని తండ్రి యెదుట క్షమాపణ చెప్పుకొంటిని. ఆ మొదటి దినమున ఆయన చెప్పనియ్యలేదు. ఈసారి విని యూరకుండెను. బాలుడు పొట్టు ఊడ్చుచుండెను. ఊడ్చుట ఆపలేదు గాని, చీపురు నెమ్మదించెను.

ఆ బల్ల ఇప్పుడు వరండాలో పుస్తకాలయపు తలుపు ప్రక్కన నున్నది. ఏప్రిలు, మే నెలలలో నెఱియ కాగితము దూరునంత విప్పారును, జూలైలో మఱల దగ్గఱగును. బిళ్లలు కదలలేదు.